కీలెరిగి...

ఎద్దు ఎలా లేస్తుందో ఎప్పుడైనా గమనించారా? పల్లెటూళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు కూడా అడిగిన వెంటనే చెప్పలేరు. పడుకున్న ఎద్దు ముందుగా ముందరికాళ్ళ మోకాళ్ళ మీదికి వస్తుంది. మెడ ముందుకు చాపి, ఆ ఊపుతో వెనక భాగం పైకి లేపుతుంది. వెనక కాళ్ళు రెండూ నిలదొక్కుకున్నాక ముందరికాళ్ళు ఒకదాని తరవాత ఒకటి నిలబెడుతుంది. ఆవు, గేదె కూడా అంతే. గుర్రం తీరు వేరు. అది ముందరికాళ్ళు చాపి ముందు భాగం లేపుతుంది, వెనక భాగం తరవాత.

ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. 2022 డిసెంబరు. తెల్లవారుజామున అయిదింటికి ఒక పెద్దాయన కొట్టంలోకి వెళ్ళి లైటు వేసేసరికి ఆయన ఎద్దు గుర్రంలా లేస్తోంది. ముందరికాళ్ళు చాపింది. ముందు భాగం లేచింది. వెనక భాగం మాత్రం నేలకు అతుక్కున్నట్టు ఉండిపోయింది. కుక్క కూర్చున్నట్టు అలాగే కూర్చుని ఆయన వంక చూసింది. రెండు మూడు సార్లు ప్రయత్నించి, ఆయన తోక మొదట్లో చెయ్యి వేసి 'హై' అంటే అప్పుడు లేచింది. లేచాక కూడా కుడి వెనక కాలి మీద బరువు వెయ్యలేదు. గిట్ట మొన మాత్రం నేలకు ఆనించి నిలబడింది.

ఆయనా అంతకు పావుగంట ముందు అలాగే లేచాడు. మంచం మీద నుంచి కాళ్ళు దించుకుని, మోకాళ్ళు అరచేతులతో రుద్దుకుని, పట్టె పట్టుకుని సగం లేచి, ఆగి, తరవాత మిగతా సగం. వయసు 74. 'మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది. ఆపరేషన్ తప్పదు' అని ఒంగోలులో ఎముకల డాక్టరు చెప్పి అప్పటికి మూడేళ్ళు. చలికాలం వస్తే ఇంట్లో వాళ్ళకు రెండు మూలుగులు వినపడేవి. ఒకటి వసారాలోంచి, ఇంకొకటి కొట్టంలోంచి.

ఎద్దు పేరు మైలోడు. ఒంటి రంగు మైల కాబట్టి ఆ పేరు. మేలిమి ఒంగోలు జాతి. బ్రెజిల్‌లో కోట్ల సంఖ్యలో ఉన్న నెలోర్ పశువులు ఈ జాతి నుంచే వచ్చాయంటే దీని సత్తా ఏమిటో తెలుస్తుంది. 2005లో రెండు పళ్ళ గిత్తగా ఉన్నప్పుడు జోడీతో సహా కొన్నాడు పెద్దాయన. జోడీలో రెండోదాని పేరు తెల్లోడు. ఎనిమిదేళ్ళకు పైగా ఆ రెండూ ఒకే కాడి కింద నడిచాయి. పొగాకు చేలో దుక్కి, కంది చేలో గుంటక, కళ్ళం తోలకం, తిరునాళ్ళకు బండి. ట్రాక్టరు వచ్చాక పని తగ్గింది. 2014లో తెల్లోడు కుంటడం మొదలుపెట్టింది. దాన్ని సంతకు తోలుకెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చాడు పెద్దాయన. ఎంతకు అమ్మాడో, ఎవరికి అమ్మాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. కుంటే ఎద్దును సంతలో ఎవరు కొంటారో పల్లెలో చిన్నపిల్లలకైనా తెలుసు.

ఇప్పుడు మైలోడి వంతు వచ్చింది.

'నాన్నా, ఇంక దాన్ని ఏం చేద్దామని?' అన్నాడు కొడుకు. అతన్ని కర్కోటకుడు అనుకోవడానికి లేదు. చొప్ప కొనాలి. తవుడు కొనాలి. ట్రాక్టరు వాయిదా కట్టాలి. కూతురికి హాస్టలు ఫీజు పంపాలి. ఎనిమిదేళ్ళుగా ఒక్క సాలు కూడా దున్నని ఎద్దు రోజూ గాడిలో మేత తింటోంది. పైగా ఓ బేరగాడు అప్పటికే రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, ఎద్దు చుట్టూ తిరిగి చూసి, వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసుకుని వెళ్ళాడు. ముసలి గొడ్డును ఉంచుకోవడం ఉన్నవాళ్ళకు పుణ్యం, లేనివాళ్ళకు భారం. రైతును తప్పుపట్టే ముందు పట్నంలో ఉన్నవాళ్ళు ఒకసారి చొప్ప ధర కనుక్కుంటే బాగుంటుంది.

పెద్దాయన జవాబు చెప్పలేదు. 'పండక్కి అమ్మాయి వస్తది గదా, చూద్దాం' అన్నాడంతే.

అమ్మాయంటే మనవరాలు. గన్నవరంలో వెటర్నరీ డాక్టరు చదువుతోంది. మైలోడి వీపు మీద కూర్చుని బడికి వెళతానని ఏడ్చిన పిల్ల.

ఈలోగా ఊరు ఊరికే ఉంటుందా? వేడి నీళ్ళ కాపడం పెట్టమని ఒకరు, ఆముదం రాయమని ఒకరు, వాత పెట్టించమని ఇంకొకరు. 'కీలెరిగి వాత పెట్టమన్నారు' అనే సామెత మనందరి నోళ్ళలోనూ ఉంది. ఎక్కడ మాట అంటే ఎక్కడ తగులుతుందో తెలిసి అనాలని దానికి అర్థం చెప్పుకుంటాం. కానీ అది పుట్టింది నిజంగా కీలు దగ్గరే, నిజంగా కాల్చిన ఇనుముతోనే. కుంటే ఎద్దుకు కీలు చుట్టూ ఎర్రగా కాల్చిన కమ్మీతో గీతలు పెట్టడం ఎన్నో తరాల వైద్యం. మైలోడి కుడి వెనక కాలి మీద వెంట్రుకలు మొలవని మూడు గీతలు ఇప్పటికీ కనపడతాయి. 2011లో పెద్దాయన దగ్గరుండి పెట్టించినవే. వారం రోజులు కుంటు తగ్గినట్టు అనిపించింది. కొత్త మంట ముందు పాత నొప్పి ఎంతని తెలుస్తుంది, పాపం!

సంక్రాంతికి రెండు రోజుల ముందు మనవరాలు దిగింది. సంచి వసారాలో పడేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కొట్టంలోకి నడిచింది. మైలోడి కాళ్ళు ఒక్కొక్కటీ తడిమింది. కీళ్ళు వంచి చూసింది. చెవి ఆనించి వింది. పెద్దాయన గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

'ముందర మోకాళ్ళు బాగానే ఉన్నయ్ గదమ్మా, వెనకే ఏందో పట్టేసింది' అన్నాడు.

'తాతయ్యా, ముందరున్నయ్ మోకాళ్ళు కాదు, మణికట్లు.'

పెద్దాయన నవ్వాడు. అరవై ఏళ్ళు ఎద్దులతో బతికినవాడికి మోకాలేదో చెబుతోంది ఈ పిల్ల! కానీ ఆమె చెప్పింది నిజమే. ఎద్దు ముందరికాలిలో మనం మోకాలు అనుకునేది మనిషి మణికట్టుకు సమానమైన కీలు. వెనక కాలిలో వెనక్కి పొడుచుకొచ్చి కనపడేది మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన, చర్మం మడత దగ్గర ఉంటుంది. చిప్ప కూడా అక్కడే. ఎద్దు జీవితమంతా మునివేళ్ళ మీద నిలబడి బతుకుతుందన్న మాట. ఆ వేళ్ళ గోళ్ళే గిట్టలు.

'చిప్ప పట్టేసిందేమోనని చూశా. అదైతే మంచిదే' అంది. కొన్ని ఎద్దులకు వెనక మోకాలి చిప్ప పైకెక్కి ఇరుక్కుపోతుంది. కాలు వెనక్కి బిగుసుకుపోయి, ఈడ్చి ఈడ్చి నడుస్తుంది. మన దగ్గర పని ఎద్దుల్లో తరచూ కనిపించేదే. నిలబడి ఉండగానే అక్కడికి మాత్రం మత్తు సూది ఇచ్చి, చిన్న కోతతో ఒక లిగమెంటు తెంచితే, చాలావరకు అక్కడికక్కడే నడక సరవుతుంది. మైలోడిది అది కాదు. కీలు అరుగుదల. తాతకు ఏముందో ఎద్దుకూ అదే ఉంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక నాయనమ్మ అరిసెలకు పాకం పడుతుంటే, పొయ్యి పక్కన కూర్చుని మనవరాలు గుజ్జు సంగతి చెప్పింది.

ఎముకకూ ఎముకకూ మధ్య ఉండే ఆ గుజ్జును పుస్తకాల్లో మృదులాస్థి అంటారు. లేత వయసులో అది నీలి ఛాయ ఉన్న తెలుపుతో, గాజులా మెరుస్తుంది. నూటికి 65 నుంచి 80 పాళ్ళు నీళ్ళే. కొలాజెన్ దారాల వలలో, నీటిని పట్టి ఉంచే అణువులు స్పాంజిలా కూరి ఉంటాయి. విచిత్రమేమిటంటే దానికి రక్తనాళాలు లేవు. నరాలూ లేవు. తిండి కీలులో ఉండే జిగురు రసం నుంచే అందాలి. కాలు మోపినప్పుడు స్పాంజిని పిండినట్టు నీరు బయటికి పోతుంది. కాలు ఎత్తినప్పుడు పోషకాలతో లోపలికి వస్తుంది. నడవకపోతే గుజ్జుకు అన్నం లేనట్టే. నరాలు లేవు కాబట్టి అరుగుతున్నంత కాలం అది నొప్పి చెప్పదు. కింద ఉన్న ఎముకా, చుట్టూ ఉన్న పొరా దెబ్బతిన్నప్పుడే నొప్పి మొదలవుతుంది. అప్పటికి జరగాల్సిందంతా జరిగిపోయి ఉంటుంది.

'మరి కొత్త గుజ్జు పుట్టదా?' అంది నాయనమ్మ గరిటె తిప్పుతూ.

పుట్టదు. గుజ్జును కాపాడే కణాలు దానిలో చాలా తక్కువ. పెద్దయ్యాక అవి విభజన చెందడం దాదాపు మానేస్తాయి. ఎదిగే వయసులో అల్లుకున్న కొలాజెన్ వలతోనే జీవితాంతం గడపాలి. ఆ వలకు, ఒంట్లో తిరిగే చక్కెర కొద్దికొద్దిగా అంటుకుంటూ పోతుంది. దారాల మధ్య ముళ్ళు పడతాయి. తెల్లగా మెరిసే గుజ్జు పసుపు రంగుకు తిరుగుతుంది. సాగే గుణం పోయి పెళుసుబారుతుంది.

'ఇదిగో, నీ పాకం లాగే. లేతపాకం వేలికి సాగుద్ది, ముదిరితే విరుగుద్ది' అంది మనవరాలు. నాయనమ్మ చటుక్కున గిన్నె దించేసింది. కబుర్లలో పడి పాకం నిజంగానే ముదిరిపోయింది. ఆ ఏడు అరిసెలు కొరకడానికి పెద్దాయనకు పళ్ళు చాల్లేదు.

కీలు రసం సంగతీ అంతే. దానికి చిక్కదనం ఇచ్చేది హయలురోనిక్ ఆమ్లం. దీన్ని మొదట కనిపెట్టింది 1934లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. దేనిలో అనుకున్నారు? పశువు కంట్లోని జిగురులో. తరవాత కోడిపుంజు తురాయిలో అది పుష్కలంగా ఉందని తేలింది. దాన్ని శుద్ధిచేసి, 1970 ప్రాంతంలో కుంటుతున్న పందెపు గుర్రాల కీళ్ళలోకి ఎక్కించి చూశారు. గుర్రాల తరవాతే మనుషుల మోకాళ్ళకు వచ్చింది. ఇప్పుడు పట్నం ఆసుపత్రుల్లో వేలకు వేలు తీసుకుని వేసే 'జెల్ ఇంజెక్షన్' అదే. కొన్ని రకాలు నేటికీ కోడి తురాయి నుంచే తీస్తారు. పెద్దాయన కూడా ఒకటి వేయించుకున్నాడు. సంక్రాంతి పుంజుల కూతలు వినపడుతుంటే మోకాలు తడుముకుని, 'ఇందులో ఓ పుంజుందన్న మాట' అన్నాడు.

ఇంట్లో నవ్వులు ఆగాక కొడుకు అడిగాడు. 'అన్ని ఎద్దులూ పని చేసినయ్యే. దీనికే ఇంత ముదిరిందేంది? పక్కింటోళ్ళ ఎద్దు దీనికన్నా పెద్దది, దులపరించుకుని తిరుగుద్ది.'

దానికి మనవరాలు చెప్పిన జవాబు ఎక్కడిదో అమెరికాది. అక్కడ సుపీరియర్ అనే పెద్ద సరస్సులో ఐల్ రాయల్ అని ఒక దీవి ఉంది. దాని మీద తోడేళ్ళు, మూస్ అనే భారీ దుప్పులు. తోడేలుకు దుప్పి దొరికే తీరును 1958 నుంచి ఆ దీవిలో శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్నారు. రోల్ఫ్ పీటర్సన్ అనే ఆయన దశాబ్దాల తరబడి ఆ అడవిలో తిరిగి దుప్పుల ఎముకలు పోగుచేయించాడు. తోడేళ్ళు చంపిన ముసలి దుప్పుల్లో చాలావాటికి కీళ్ళు అరిగిపోయి ఉన్నాయి. పరిగెత్తలేనిదే దొరికిపోతుంది కాబట్టి అందులో వింత లేదు. వింత ఏమిటంటే, కీళ్ళు పాడైన దుప్పుల కాలి ఎముకలు పొట్టిగా ఉన్నాయి. కాలి ఎముక పొట్టిగా ఉందంటే తల్లి కడుపులో ఉన్నప్పుడో, పుట్టిన కొత్తలోనో దానికి సరైన తిండి లేదని అర్థం. దూడగా ఉన్నప్పటి ఆకలి, ముసలితనంలో కీలు నొప్పిగా బయటపడుతోందని 2010లో ఆ బృందం ప్రకటించింది.

పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. రెండు పళ్ళ వయసులో 2005లో కొన్నాడంటే మైలోడు ఎప్పుడు పుట్టినట్టు? 2002లో. ఆ ఏడు కరువు ఎలాంటిదో ఆ జిల్లా రైతుకు ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. చెరువుల్లో నెర్రెలు, చొప్ప కోసం ఊళ్ళకు ఊళ్ళు తిరగడం, తాటాకులు నరికి మేతగా వెయ్యడం. ఆ కరువులో ఏ ఇంట్లోనో పుట్టి, తల్లి పొదుగులో పాలు లేక, ఇంత గడ్డిపరక కోసం అరిచిన దూడ... ఇరవై ఏళ్ళ తరవాత ఈ కొట్టంలో వెనక కాలు మోపలేక నిలబడి ఉంది. ఒక్క మైలోడి విషయంలో ఇదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. మనవరాలు కూడా అదే మాట అంది. కానీ పెద్దాయన మనసులో అది పడిపోయింది.

'నేనూ కరువులోనే పుట్టా' అన్నాడు చివరికి.

తిండి తక్కువైతే ఒక బాధ, ఎక్కువైతే ఇంకో బాధ. విజయవాడలో ఉండే పెద్దాయన చిన్నకూతురు ఇంట్లో లాబ్రడార్ కుక్క ఉంది. ఉదయం ఇడ్లీ, సాయంత్రం బిస్కెట్లు, మధ్యలో ఎవరేం తింటే అది. ఆరేళ్ళకే మేడమెట్లు ఎక్కలేక కింద నిలబడి మొరుగుతోంది. అమెరికాలోనే 48 లాబ్రడార్ కుక్కపిల్లలను తీసుకుని, సగం వాటికి జోడీగా ఉన్నవాటికంటే పావు వంతు తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. కీళ్ళ అరుగుదల వాటికి చాలా ఆలస్యంగా వచ్చింది. మందుతో కాదు, గిన్నెలో పావు వంతు తగ్గించినందుకు! ఈ సంగతి ఫోన్లో చెబితే ఆ చిన్నకూతురు, 'పాపం, అట్లా చూస్తుంటే పెట్టకుండా ఎట్లా ఉంటామే' అంది. ప్రేమకు కీళ్ళ సంగతి ఏం తెలుస్తుంది?

పిల్లులైతే మరీ గుంభన. పన్నెండేళ్ళు దాటిన వంద పిల్లులకు ఎక్స్‌రేలు తీస్తే 90 పిల్లుల కీళ్ళలో అరుగుదల కనపడింది. కుంటవు, అరవవు. గోడ ఎక్కడం మానేస్తాయంతే. 'ముసలిదయింది, బద్ధకం' అనుకుంటాం.

తిరిగి మన కొట్టంలోకి వద్దాం. పండగ మర్నాడు పెద్దాయన జేబులోంచి తను వేసుకునే నొప్పి మాత్రల పట్టీ తీశాడు. డైక్లోఫెనాక్. 'నాకు ఒకటేస్తే సాయంత్రం దాకా హాయిగా ఉంటది. దానికి ఓ పది బెల్లంలో పెట్టి ఇద్దామా?' అన్నాడు. మనవరాలు ఆ పట్టీ లాక్కున్నంత పని చేసింది.

'తాతయ్యా, నీ చిన్నప్పుడు వాగు ఒడ్డున రాబందులు ఉండేయని చెప్పేవాడివే. ఏమైపోయినయ్యో తెలుసా?'

ఉండేవి. చచ్చిన గొడ్డును ఊరి బయట వాగు దగ్గర పడేస్తే, పదులకొద్దీ రాబందులు దిగేవి. సాయంత్రానికి బొమికలు మిగిలేవి. పిల్లలు దూరంగా గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళు. ఆ పక్షులు ఎప్పుడు రావడం మానేశాయో పెద్దాయన ఖచ్చితంగా చెప్పలేడు. ఒకరోజు చూస్తే లేవు. సెల్‌ఫోను టవర్ల వల్ల అనుకున్నాడు, అందరిలాగే.

కారణం ఆయన జేబులోనే ఉంది. 1990లలో డైక్లోఫెనాక్ చవకగా దొరకడం మొదలయ్యాక, కుంటే ఎద్దులకూ, నొప్పులతో బాధపడే ముసలి ఆవులకూ దాన్ని విరివిగా వాడారు. తప్పేం కాదు, నొప్పి తగ్గించాలనే. మందు ఒంట్లో ఉండగా ఆ పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యేవి. యూరిక్ ఆమ్లం తెల్లటి సున్నంలా గుండె మీదా, కాలేయం మీదా పేరుకుని చచ్చిపోయేవి. 2004లో పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను పరీక్షించి లిండ్సే ఓక్స్ బృందం ఈ గుట్టు బయటపెట్టింది. వంద కళేబరాల్లో ఒక్కదాని కంటే తక్కువలో మందు ఉన్నా ఆ జాతి తుడిచిపెట్టుకుపోవడానికి చాలునని లెక్క తేల్చారు. 1992 నుంచి 2007 లోపల మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. మనిషి కళ్ళముందే ఇంత వేగంగా మాయమైన పక్షులు అరుదు. 2006లో ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను దొంగచాటుగా గొడ్లకు వాడుతున్నారని 2015లో ఆ ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు సీసాకు కుదించారు. తరవాత 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను కూడా పశువుల వైద్యం నుంచి తప్పించారు.

ఒక ముసలి ఎద్దు మోకాలి నొప్పికీ, ఆకాశంలో పక్షికీ ఇంత దగ్గర చుట్టరికం!

నొప్పికి మందే లేదని కాదు. మెలాక్సికామ్ ఉంది. దాన్ని రాబందులకు పెట్టి మరీ పరీక్షించి, ప్రమాదం లేదని తేల్చాకే డైక్లోఫెనాక్‌కు బదులుగా ముందుకు తెచ్చారు. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు వచ్చి మైలోడికి అదే రాశారు. అదీ కొన్ని రోజులే, బరువు చూసి, మోతాదు చూసి. మనుషుల మాత్రలు జంతువులకు వెయ్యడం ఎంత ప్రమాదమో ఆయన కూడా చెప్పారు. మనకు మామూలు జ్వరం మాత్ర అయిన పారాసిటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తియ్యడానికి. ఇబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలు పాడుచేస్తుంది.

మిగిలిందంతా మందు కాదు, చాకిరీ. కొట్టంలో నాపరాళ్ళ మీద లేవాలంటే గిట్టలు జారుతున్నాయి. అందుకని ఒక మూల రాళ్ళు తీసేసి మోకాలి లోతు ఇసుక పోయాలి. గాడి ఎత్తు పెంచాలి. పెరిగిపోయిన గిట్టలు చెక్కించాలి, లేకపోతే కాలు వంకర పడి కీలు మీద భారం పెరుగుతుంది. పొద్దెక్కి ఒళ్ళు కాగాక రోజూ నడిపించాలి. ఎక్కువ దూరం వద్దు, మానడం అసలే వద్దు. స్పాంజి సంగతి గుర్తుంది కదా!

'మళ్ళీ వయసు రాదుగా?' అన్నాడు కొడుకు.

'రాదు నాన్నా. లేచేటప్పుడు ఏడవకుండా ఉంటది, అంతే' అంది కూతురు. ముసలి కణాలను ఏరివేసే మందుతో ఎలుకల కీళ్ళు బాగుపడ్డాయని 2017లో పెద్ద వార్త వచ్చింది. అలాంటి మందునే మనుషుల మోకాళ్ళలో వేసి చూస్తే 2020లో ఉత్తి మందుకంటే మెరుగేమీ కనపడలేదు. ఇదీ చెప్పింది. పాతికేళ్ళు నిండని పిల్ల లేని ఆశ పెట్టకుండా మాట్లాడటం ఆ ఇంట్లో అందరికీ కొత్తగా ఉంది.

ఇసుక ట్రక్కు ఖర్చు, గిట్టల ఖర్చు, మేత ఖర్చు... కొడుకు లెక్క వేస్తూనే ఉన్నాడు. బేరగాడు ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. శనివారం రాత్రి అన్నం ముందు కూర్చుని పెద్దాయన కలుపుకున్న ముద్ద అలాగే పట్టుకుని మాట్లాడాడు.

'తెల్లోణ్ణి సంతలో కట్టేసి, డబ్బు తీసుకుని, బస్సెక్కా. బస్సు మలుపు తిరిగేటప్పుడు చూస్తే, అది కాలు ఎత్తి పెట్టుకుని నా వైపే చూస్తా ఉంది. లారీ ఎక్కించాలని నలుగురు తోస్తన్నారు. ఎక్కలేకపోతంది. కాలు నొప్పి గదా, ఎట్టా ఎక్కుద్ది? నేను దిగలేదు. దిగితే డబ్బు తిరిగి ఇయ్యాలని...' అని ఆగాడు. 'ఆ డబ్బుతోనే బోరు మోటారు బాగుచేయించా.'

నాయనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కొడుకు తలెత్తలేదు. ఆ మోటారు తనకే కావాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట 'అమ్మేయ్ నాన్నా' అన్నది కూడా తనే.

ఆదివారం బేరగాడు వచ్చేసరికి ఇంటి ముందు ఇసుక ట్రక్కు దిగుతోంది. కొడుకు పార పట్టుకుని ఉన్నాడు. 'అమ్మేది లేదులే' అన్నాడు పనాపకుండానే. అతనూ రెండో మాట అనలేదు. పక్క వీధిలో ఇంకో ఎద్దు ఉందని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఏడాదికి పైగా ఊళ్ళోవాళ్ళు రోజూ ఒక దృశ్యం చూశారు. ఎనిమిదింటికి ఎండ కాస్త ముదిరాక, పెద్దాయన పలుపు పట్టుకుని మైలోడితో చెరువుకట్ట దాకా బయల్దేరేవాడు. ఇద్దరిలో ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం. మర్రిచెట్టు దగ్గర ఒకసారి ఇతను ఆగేవాడు, ఒకసారి అది ఆగేది. కుర్రాళ్ళు 'తాతా, పందెం పెడదామా?' అని ఎగతాళి చేసేవాళ్ళు. కొన్ని ఉదయాలు మైలోడు వెనక నుంచే, ఎద్దులా లేచేది. కొన్ని ఉదయాలు లేచేది కాదు. అప్పుడు కొడుకు వచ్చి పొట్ట కింద గోనెపట్టా వేసి, ఇంకో మనిషి సాయంతో ఎత్తి నిలబెట్టేవాడు. వర్షాకాలంలో బాగానే ఉంది. చలికాలంలో మళ్ళీ సన్నబడింది. బతికినన్నాళ్ళూ నొప్పి లేకుండా ఉందని చెబితే అబద్ధమవుతుంది. తక్కువగా ఉంది.

2024 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఇసుకలో పడుకున్నది పడుకున్నట్టే పోయింది. గన్నవరం ఫోను చేశారు. జేసీబీ పిలిపించి చేలో, కంది వేసే చెక్కలో, లోతుగా గొయ్యి తీయించాడు కొడుకు. గోతి దగ్గర నిలబడి పెద్దాయన పైకి చూశాడు. ఆకాశంలో ఏమీ లేదు.

ఆ దసరా వెళ్ళాక ఆయన కుడి మోకాలు మార్పించుకున్నాడు. మనిషికైతే మోకాలు మారుస్తారు. ఫిజియోథెరపీ చేయించే కుర్రాడు 'తాతగారూ, వంచండి, ఇంకొంచెం' అంటే, 'నువ్వు తోక పట్టుకుని హై అను, లేస్తా' అనేవాడట. ఆ కుర్రాడికి అర్థమయ్యేది కాదు.

ఇంటికొచ్చాక కర్ర పట్టుకుని మొదట వెళ్ళింది కొట్టంలోకి. ఇసుక అలాగే ఉంది. దాని మధ్యలో గుంట చేసుకుని, మూతి తెల్లబడ్డ ఊరకుక్క ఒకటి పడుకుని ఉంది. ఆయన్ను చూసి లేవబోయింది. వెనక కాళ్ళు సహకరించలేదు. కోడలు చీపురు ఎత్తి 'ఛీ' అనబోతే పెద్దాయన చేత్తో వారించాడు.

'ఉండనియ్యమ్మా. ఇసక మెత్తగా ఉంటది దానికి.'